గవిరినాయుడి హెవీ లైసెన్సు

మా ఊరి పేరు చెప్పను. చెప్పడానికి కూడా ఎక్కడో ఒక అనుమతి అవసరమై ఉంటుందని, అది లేకుండా చెబితే నేరమవుతుందని నాకు గట్టి అనుమానం. రవాణా కార్యాలయానికి ఎదురుగా జిరాక్సు కొట్టు నడుపుకునేవాణ్ణి. ఇలాంటి అనుమానాలు నాకు సహజం.

ఆ మధ్య మా కార్యాలయానికి వైకుంఠరావుగారని కొత్త అధికారి వచ్చారు. వస్తూనే గోడ మీద ఒక ఉత్తర్వు అంటించారు. "మోటారును, చక్రములును కలిగి, రహదారిపై సరుకుతో సంచరించునది ఏదైనను సరుకు రవాణా వాహనమే. పరిమాణముతో నిమిత్తము లేదు." బ్యాటరీ బళ్ళవాళ్ళు "మాది చిన్న బండి సార్" అని తప్పించుకుంటున్నారని ఆయన బాధ. న్యాయమైన బాధే. కాని ఆ చివరి వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, దాన్ని ఎర్ర సిరాతో రాయించారు. కాపీలు నా కొట్లోనే తీయించారు. జిరాక్సులో ఎరుపు నలుపైపోయిందని చాలా నొచ్చుకున్నారు.

మా పక్కింట్లో పళ్ళ డాక్టరు ఇందుమతి ఉంటుంది. కింద ఆసుపత్రి, పైన ఇల్లు. వాళ్ళ నాన్న అప్పలనరసయ్య జన్మంతా లారీ నడిపాడు. ఇక్కడి సరుకు కలకత్తాలో దింపడం, అక్కడి సరుకు మద్రాసులో దింపడం, ఇదే ఆయన జీవితం. షుగరు వచ్చి చూపు దెబ్బతింది. ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడి కంటికి దగ్గరవి తప్ప ఆనవు. దాంతో లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. లారీ అమ్మేశారు. అప్పటినుంచి వరండాలో కుర్చీ వేసుకుని, హైవే మీద పోయే లారీల హారన్లు వింటూ ఉండేవాడు. "అది రాయగడ బండి. డ్రైవరుకి కోపమెక్కువ" అనేవాడు. ఇంక వేరే సంగతులు మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు. పెట్టకపోతే అడిగేవాడు కాదు.

ఇది చూడలేక ఇందుమతి ఒక పని మొదలుపెట్టింది. తండ్రి నడిపిన లారీకి పదో వంతు లారీ, రిమోటుతో నడిచేది, తన చేతులతో తయారుచేసింది. మోటారు, బ్యాటరీ, చక్రాలు తిప్పే చిన్న యంత్రం తెప్పించుకుంది. మిగిలినదంతా ఆసుపత్రిలో పుట్టింది. అల్యూమినియం పట్టీలు కోసి ఛాసిస్ చేసింది. హాక్సా బ్లేడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, చక్రాల కుదుపు ఆపే కమాన్ పట్టీలు కట్టింది. కట్టుడుపళ్ళు చేసే పదార్థంతో హెడ్‌లైట్ల అద్దాలు పోసింది. పళ్ళ అచ్చు తీసే ముద్దతో టైర్ల అచ్చు తీసింది. ఆ రోజుల్లో ఆమె దగ్గర పన్ను పీకించుకున్నవాళ్ళు నోరు తెరుచుకుని ఉండగా, పక్క బల్ల మీద రేడియేటర్ జాలీ ఆరుతూ ఉండడం నేనూ చూశాను. ఆ నోరు తెరుచుకున్నవాళ్ళలో నేనొకణ్ణి.

మొదట అప్పలనరసయ్య పట్టించుకోలేదు. ఒకరోజు తడిమి చూసి, "ఏటిదమ్మా, ఎనక కమాను ఇంత బిరుసుగెట్టినావు? లోడెక్కితే ఇరిగిపోద్ది" అన్నాడు. ఇందుమతి మెల్లిగా ఒక పట్టీ తీసేసింది. మర్నాడు "కేబిను మీద క్యారేజీ ఏదీ?" అన్నాడు. ఆ మర్నాడు కుర్చీ వరండాలోంచి ఆసుపత్రిలోకి మారింది. తలుపుల మీద తామరపువ్వులు ఎలా ఉండాలో, వెనక 'హారన్ ప్లీజ్' ఏ రంగులో రాయాలో, అన్నీ ఆయనే చెప్పాడు. బంపరుకి వేలాడదీయడానికి నిమ్మపిందె కోసం సంతంతా గాలించాడు. లారీ నడిచిన రోజున రిమోటు పట్టుకుని వీధి చివరిదాకా దాని వెనకే వెళ్ళి, మలుపు తిప్పి, వెనక్కి తెచ్చాడు. వచ్చి, "ఆకలేత్తంది, అన్నమెట్టు" అన్నాడు. ఇందుమతి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఆ తరవాత రోజూ పొద్దున్నే లారీ బయల్దేరేది, వెనక అప్పలనరసయ్య. కిరాణాకొట్టు నుంచి కాఫీపొడి, అగ్గిపెట్టెలు, అల్లం ముక్క అన్నీ దాంట్లోనే వచ్చేవి. వీధిలో వాళ్ళు దారి ఇచ్చేవారు.

ఒకనాడు ఉల్లిపాయల లోడుతో వస్తుండగా, తనిఖీ ఇన్‌స్పెక్టరు దానయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. దానయ్య మంచివాడే. పైవాళ్ళు ఏం రాస్తే దాన్నే నమ్ముతాడు, అంతే.

"బండి పక్కకి ఆపు. కాగితాలు?"

"ఇది బొమ్మలారీ బావూ" అన్నాడు అప్పలనరసయ్య.

దానయ్య వంగి చూశాడు. మోటారు ఉంది. చక్రాలు ఉన్నాయి. రోడ్డు మీద ఉంది. ఉల్లిపాయలు ఉన్నాయి. జేబులోంచి ఉత్తర్వు తీసి ఒక్కో ముక్కా సరిచూసుకున్నాడు. "పరిమాణంతో నిమిత్తం లేదు" దగ్గరకి వచ్చేసరికి నిట్టూర్చి, లారీని చంకలో పెట్టుకున్నాడు. ఉల్లిపాయలు ఒకటొకటే రోడ్డు మీద దొర్లాయి. అవి సరుకు కాబట్టి వాటిని యజమానికి అప్పగించాడు.

కార్యాలయం వెనక ఆవరణలో, పట్టుబడ్డ ఇసుక లారీల మధ్య దాన్ని కూడా నిలబెట్టి గొలుసు వేశారు. గొలుసు బరువు లారీ బరువుకి రెట్టింపు. అప్పలనరసయ్య రోజూ వచ్చి ఆ ఇనప గేటు పట్టుకుని నిలబడేవాడు. మళ్ళీ మాటలు తగ్గాయి. "టైర్లు ఎండలో పాడవతాయి" అని నాతో ఒకసారి అన్నాడు. అంతే.

ఇందుమతి నన్ను తోడు తీసుకుని వైకుంఠరావుగారి దగ్గరకి వెళ్ళింది.

"సార్, అది మా నాన్నగారి కాలక్షేపం. బొమ్మ."

"అమ్మా!" అన్నారాయన, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "నేడు బొమ్మ అని మీరందురు. రేపు బస్సును తెచ్చి ఇదియు బొమ్మయే అని మరియొకరందురు. రేఖ ఎచట గీయవలెను? పరిమాణమును బట్టి చట్టము మారినచో పొడగరులకు ఒక చట్టము, పొట్టివారికి ఒక చట్టము కావలసి వచ్చును."

ఆయన స్వయంగా పొట్టివారు. ఆ మాటలో ఆవేదన వినిపించింది.

"అయితే ఏం చేయమంటారు?"

"రిజిస్ట్రేషను. నిబంధనల ప్రకారము అమరికలు. అటుపిమ్మట సలక్షణముగా తీసుకొనిపొండు. ఈ కార్యాలయము ఎవరికిని అన్యాయము చేయదు."

ఇంకొకరైతే తగువు వేసుకుందురు. ఇందుమతి మొండి పళ్ళతో రోజూ పనిచేసే మనిషి. "సరేనండీ" అంది.

అమరికల కోసం బండిని రశీదు మీద ఇంటికి ఇచ్చేవారు, పనవగానే తెచ్చి మళ్ళీ గొలుసు వేయించాలి. మొదటి చిక్కు నంబరుప్లేటు. దాని కొలతలు చట్టంలో ఉన్నాయి. ఆ కొలతల ప్లేటు లారీ కన్నా వెడల్పు. ముందొకటి, వెనకొకటి బిగించాక లారీ రెండు తలుపుల మధ్య ఇరుక్కున్న పిల్లిలా కనిపించింది. బరువుకి మోటారు మూలిగింది. ఇందుమతి పెద్ద మోటారు తెప్పించింది. మోటారు మార్చడం 'అనుమతి లేని మార్పిడి' అన్నారు. అనుమతి కోసం రాసింది. అనుమతి వచ్చింది. పెద్ద మోటారు దెబ్బకి ప్లాస్టిక్ గేర్ల పళ్ళు ఊడిపోయాయి. పళ్ళు ఊడితే ఏం చేయాలో ఆమెకి తెలుసు. ఇత్తడి గేర్లు పెట్టింది. దానికీ అనుమతి. నా కొట్లో యంత్రం చల్లారడం లేదు. ఇంతకు ముందు మూసేద్దామా అనుకున్న కొట్టు ఇప్పుడు చక్కగా నిలబడింది. ఈ కథలో నాకెవరి మీదా కోపం లేకపోవడానికి అదొక కారణం.

తరవాత అగ్నిమాపక సిలిండరు వచ్చింది. ప్రతి సరుకు వాహనంలోనూ ఉండాలి, అదీ పూర్తి సైజుదే. ఇందుమతి వెనక ఇంకో ఇరుసు వేసి పది చక్రాల బండి చేసింది. ఇనప ఛాసిస్ వేసింది. అప్పలనరసయ్య ఇంటి దగ్గర కూర్చుని, కమాను పట్టీలు ఎన్ని వేయాలో వేళ్ళతో తడిమి చెప్పాడు. ఎర్ర సిలిండరు ఎక్కించి తనిఖీకి తీసుకెళ్ళారు. దూరం నుంచి చూసేవాళ్ళకి సిలిండరొకటే పాకుతూ వస్తున్నట్టుంది. దానయ్య తూకం వేశాడు.

"ఓవర్‌లోడు" అన్నాడు విచారంగా.

వైకుంఠరావుగారు నిబంధనల పుస్తకం తెప్పించి తిరగేశారు. ఆయన్ని తప్పుపట్టలేం. పని ఆపాలని ఆయనకి లేదు, నియమం ప్రకారం జరగాలని ఉంది, అంతే. చాలాసేపటికి ముఖం విప్పారింది.

"అమ్మా, సిలిండరు ఉండవలెనని మాత్రమే కలదు. అందులో ఏమి ఉండవలెనో లేదు. ఖాళీది పెట్టుడు. మా కార్యాలయములోనివి అన్నియు అట్టివే."

ఖాళీ సిలిండరుతో బండి పాసైంది. ఇందుమతి సంతోషంగా గొలుసు తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

"డ్రైవరు ఎవరు?" అన్నారు వైకుంఠరావుగారు.

"మా నాన్నగారు. రిమోటుతో..."

"రిమోటు అను పదము చట్టములో లేదు. డ్రైవరు అనువాడు డ్రైవరు సీటునందు ఉపవిష్టుడై ఉండవలెను."

"ఆ సీట్లో నా బొటనేలు కూడా పట్టదు బావూ" అన్నాడు అప్పలనరసయ్య.

"అది మీ శరీర సమస్య. కార్యాలయ సమస్య కాదు. పైగా మీకు లైసెన్సు లేదు కదా."

అప్పలనరసయ్య గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఒకసారి లారీ ఉన్న వైపు చూశాడు. అది ఆయనకి అక్కణ్ణుంచి కనిపించదని నాకు తెలుసు. ఇందుమతికీ తెలుసు. ఆమె ముఖం మీద అప్పటిదాకా ఉన్న ఓర్పు పోయి, ఇంకేదో వచ్చింది. కదులుతున్న పన్ను దొరికినప్పుడు ఆమె ముఖం అలా ఉంటుంది.

గవిరినాయుడు అలా పుట్టాడు.

పళ్ళ అచ్చులు పోసే సుద్దతో ఒళ్ళు, కట్టుడుపళ్ళ పదార్థంతో ముఖం. లుంగీ, బనియను, భుజం మీద తువ్వాలు, కోర మీసం. వృత్తి అభిమానం కొద్దీ నోట్లో పళ్ళన్నీ పెట్టింది. పేరు అప్పలనరసయ్య పెట్టాడు. "డ్రైవరంటే పేరు బరువుగుండాల" అన్నాడు. సీట్లో కూర్చోబెడితే, స్టీరింగు మీద చెయ్యేసి దర్జాగా కూర్చున్నాడు.

గవిరినాయుడి లైసెన్సు దరఖాస్తు చూసి వైకుంఠరావుగారు ఆశ్చర్యపోలేదు. ఫొటో అతికించి ఉందా, సంతకం ఉందా చూశారు. వేలిముద్ర ఉంది. పుట్టిన తేదీ దగ్గర ఆగారు.

"పోయిన మంగళవారము జన్మించినట్లు రాసినారు. అనగా మైనరు. మైనరుకు హెవీ లైసెన్సు ఇచ్చుట ఘోరము."

"అది సుద్ద గట్టిపడిన తేదీ సార్. వయసు తెలియనప్పుడు పళ్ళు చూసి నిర్ణయించవచ్చని మీ నిబంధనల్లోనే ఉంది" అంది ఇందుమతి, భూతద్దం ఆయన చేతికిస్తూ. "చూడండి. జ్ఞానదంతాలు నాలుగూ వచ్చాయి."

ఆయన గవిరినాయుడి నోరు లైటు వెలుతుర్లో పట్టుకుని చూశారు. దానయ్య చేత కూడా చూపించారు. ఇద్దరూ తలలూపారు.

"ఇటువంటి దంతసౌష్ఠవము ఈ తరమునకు లేదు. వీడు నిస్సందేహముగా పెద్దవాడు" అని రాశారు.

కంటి పరీక్షకి పక్క గదిలో డాక్టరుగారు అక్షరాల పటం చూపించారు. పైనుంచి కిందిదాకా ఒక్కో అక్షరం మీద కర్ర పెట్టారు. గవిరినాయుడు రెప్ప వేయకుండా చూశాడు. ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు. "తప్పులు: లేవు" అని రాసి సంతకం పెట్టారు. అదే గదిలో అప్పలనరసయ్యని కాదన్నది. ఆయన తలుపు దగ్గర నిలబడి ఇదంతా విని, "అదృష్టవంతుడు" అన్నాడు. అసూయేమీ లేదు ఆ గొంతులో. కాస్త నవ్వే ఉంది.

మద్యం సేవించునా? లేదు. పూర్వము ప్రమాదములు? లేవు. కోపస్వభావుడా? ఇంతవరకూ కాదు. దానయ్య అడుగుతూ రాసుకుంటూ మధ్యలో తల ఎత్తి, "ఇంత మంచి అభ్యర్థి ఈ కుర్చీ ముందుకి నా సర్వీసులో రాలేదు" అన్నాడు.

మిగిలింది డ్రైవింగు పరీక్ష. అక్కడ వైకుంఠరావుగారే ఒక సంగతి గుర్తుచేశారు. పెద్ద లారీకి డ్రైవరుతోపాటు క్లీనరు కూడా ఉండాలి. క్లీనరుకి లైసెన్సు అవసరం లేదు. సీట్లో కూర్చోవాలని కూడా లేదు. దిగి నడుస్తూ, డ్రైవరుకి సహకరించవచ్చు.

"ఏ విధముగా సహకరించవలెనో చట్టము చెప్పలేదు" అని, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. తెలిసే అన్నారో, తెలియకే అన్నారో నేను చెప్పలేను.

అలా ముప్ఫై ఏళ్ళు లారీ నడిపిన అప్పలనరసయ్య, తన కూతురు చేసిన బొమ్మకి క్లీనరుగా నమోదయ్యాడు. తువ్వాలు తలకి చుట్టుకుని, రిమోటు పొట్టకి ఆనించుకుని పరీక్ష మైదానంలోకి వచ్చాడు. ఊళ్ళో డ్రైవర్లందరూ మైదానం పక్క మట్టికట్టమీద చేరారు. నేను కొట్టు మూసి వచ్చాను.

ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారి అది. అసలు లారీలకి వేసింది. పదో వంతు లారీకి అది కలకత్తా ప్రయాణమంత. దానయ్య ఈల ఊదాడు.

అప్పలనరసయ్య లారీ పక్కనే, దాన్ని కంటికి ఆనేంత దగ్గరగా వంగి నడిచాడు. మొదటి మలుపు దగ్గర వేగం తగ్గించి, చక్రాలు గీత లోపలే ఉంచి, కొస దాటాక ఊపందుకున్నాడు. ఖాళీ సిలిండరు ఒక పక్కకి ఒరగబోతే, స్టీరింగు ఎదురు తిప్పి నిలబెట్టాడు. "రానీ, రానీ, నాయుడూ, కుడికొట్టు" అంటున్నాడు. ఎవరు ఎవరికి చెబుతున్నారో మైదానంలో ఎవరూ పట్టించుకోలేదు. గీతల మధ్య రివర్సు కొట్టాల్సిన చోట, నడుం నిమురుకుని నిటారుగా నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. మోటారు మోత వింటూ బండిని వెనక్కి దింపాడు. రెండు కర్రల మధ్య, ఏ కర్రకీ తగలకుండా, తిన్నగా.

సరిగ్గా అప్పుడే ఎక్కణ్ణుంచో ఒక కుక్క పరిగెత్తుకొచ్చింది. జనం "కుక్క! కుక్క!" అని అరిచారు. అప్పలనరసయ్య కళ్ళు తెరవలేదు. లారీ టక్కున ఆగింది. హారన్ మోగింది. ఆ హారన్‌కి మాత్రం ఇందుమతి అసలు లారీ శబ్దమే పెట్టింది. కుక్క గోడ దూకి పోయింది.

కట్టమీద డ్రైవర్లు ఈలలు వేశారు. ఒకాయన తువ్వాలు గాల్లోకి విసిరాడు. అప్పలనరసయ్య రిమోటు కూతురి చేతికిచ్చి, ముఖం తువ్వాలుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"బాగా తోలాడమ్మా మన నాయుడు" అన్నాడు.

వైకుంఠరావుగారు లైసెన్సు మీద అక్కడే నిలబడి సంతకం చేశారు. గవిరినాయుడితో కరచాలనం చేయబోయి, ఎంత పట్టుకోవాలో తెలియక, తన చిటికెనవేలు అందించారు. ఆ ఏడు ప్రమాదరహిత డ్రైవరు బహుమానం కూడా అతనికే వచ్చింది. దండ వేస్తే మనిషి కనబడలేదు.

లారీ మళ్ళీ మా వీధిలో తిరగడం మొదలైంది. నంబరుప్లేట్లతో, సిలిండరుతో. ఉల్లిపాయలకి చోటు లేక వాటిని ఇప్పుడు అప్పలనరసయ్య చేతిసంచీలో తెస్తున్నాడు. లారీ ముందు వెళ్తుంది.

ఒక ఆదివారం సాయంత్రం వైకుంఠరావుగారు మా వీధికి వచ్చారు. పొట్టిచేతుల చొక్కా, చెప్పులు. చేతిలో ఫైలు లేదు. లారీ అటూ ఇటూ తిరుగుతుంటే కాసేపు నిలబడి చూశారు. కాస్త దగ్గరకొచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని తామరపువ్వులు చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అప్పలనరసయ్యగారూ, ఒకసారి నేను నడపవచ్చునా?"

గ్రాంథికంలో మాట్లాడినా, ఆ గొంతు మాత్రం సంతలో తండ్రి చొక్కా పట్టుకున్న పిల్లాడిది.

అప్పలనరసయ్య రిమోటు ఇవ్వబోయి ఆగాడు. "బావూ, తమకి హెవీ లైసెన్సుందా?"

"లేదు. స్కూటరునకు మాత్రము కలదు."

"మరెలాగండీ?" అంది ఇందుమతి, మెట్ల మీంచి. ముఖంలో ఒక్క కండరం కదల్లేదు.

వైకుంఠరావుగారు బాగా ఆలోచించారు. తప్పించుకోవాలని చూడలేదు. ఆ గౌరవం ఆయనకి ఇవ్వాలి. మర్నాడు తన కార్యాలయంలో తానే వరసలో నిలబడి లెర్నర్ లైసెన్సు తీసుకున్నారు. సాయంత్రానికి వచ్చేశారు. ఎర్రటి 'ఎల్' అక్షరం లారీకి అంటించడానికి చోటు లేక, తన వీపుకి అంటించుకున్నారు. ఇక నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న డ్రైవరు కూర్చుని ఉండాలి కదా. నేర్చుకునేవాడు సీట్లోనే ఉండాలని పుస్తకంలో లేదట; ఉన్నా లారీలో ఆయన పట్టరు. కాబట్టి గవిరినాయుణ్ణి కేబినులోంచి తీసి, తన చొక్కా జేబులో కూర్చోబెట్టుకున్నారు. మీసం, కళ్ళు బయటికి కనిపిస్తున్నాయి.

"మెల్లిగ బావూ. ఉల్లిపాయలున్నాయనుకో. కుదుపు తగలకూడదు" అన్నాడు అప్పలనరసయ్య.

లారీ కదిలింది. వైకుంఠరావుగారు నోరు తెరిచి నవ్వారు. ఆయనకి పళ్ళున్నాయని మా వీధికి అప్పుడే తెలిసింది. లారీ నేరుగా పోయి కాలవ గట్టుకి గుద్దుకుని, వెనక్కి వచ్చి, మళ్ళీ గుద్దుకుంది. పిల్లలు, పెద్దలు వీధిలోకి వచ్చేశారు. ఆయన చెప్పులు వదిలేసి దాని వెనక పరిగెత్తారు.

మలుపు దగ్గర దానయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

లారీ ఆగింది. వీధి కూడా ఆగింది. దానయ్య సెల్యూట్ కొట్టాడు. ఆ తరవాత చట్రంలో సిలిండరు చూశాడు, ప్లేట్లు చూశాడు, వీపు మీద 'ఎల్' చూశాడు. చివరికి జేబు చూశాడు.

"సార్, క్షమించాలి. పక్కన కూర్చున్న డ్రైవరుకి సీటుబెల్టు లేదు."

వైకుంఠరావుగారు కిందికి చూసుకున్నారు. గవిరినాయుడు జేబులో కాస్త పక్కకి ఒరిగి ఉన్నాడు. ఆయన రిమోటు చంకలో పెట్టుకుని, రెండు వేళ్ళతో అతన్ని నిటారుగా కూర్చోబెట్టి, జేబు బొత్తాం పెట్టారు. లాగి చూసుకున్నారు, గట్టిగా ఉందో లేదో అని.

దానయ్య చెయ్యి దించాడు.

"రైట్, రైట్!" అని వెనకనుంచి అప్పలనరసయ్య లారీని చేత్తో రెండుసార్లు తట్టాడు.